‘ఇంకా తొమ్మిది రోజులే’ అన్నది నేనే

మా అడ్మినిస్ట్రేషన్ బిల్డింగ్ మెట్లెక్కగానే ఎడమ పక్కన అద్దాల నోటీసు బోర్డు ఉంటుంది. దానికి ఎప్పుడూ తాళమే. తాళంచెవి ఎవరి దగ్గరుంటుందో నేను పీజీ చదివిన రెండేళ్లలో తెలుసుకోలేకపోయాను. 2024 ఆగస్టు చివర్లో ఒకరోజు నేనూ నా రూమ్మేటూ ఆ అద్దానికి ముక్కు ఆనించి ఒక కాగితం చదివాం. ఎండకి వెలిసిపోయి ఉంది. పైన ‘అంతర్గత ఫిర్యాదుల కమిటీ’ అని, కింద ఏడు పేర్లు. లైంగిక వేధింపుల మీద ఫిర్యాదులు వినాల్సిన కమిటీ అది. మొదటి పేరున్న మేడమ్ అప్పటికే రిటైరై హైదరాబాద్‌లో కొడుకు దగ్గర ఉంటున్నారు. ఆవిడ పేరు పక్కనున్న నంబరుకి అక్కడే నిలబడి ఫోన్ చేశాం. ఆ నంబరు వాడుకలో లేదంది రికార్డింగ్ గొంతు.

ఆ బోర్డు దాకా మమ్మల్ని నడిపించింది కొవ్వొత్తులు. ఆగస్టు 9న కోల్‌కతా ఆర్‌జీ కర్ మెడికల్ కాలేజీలో డ్యూటీలో ఉన్న పీజీ డాక్టర్‌ని అత్యాచారం చేసి చంపేశారు. 14వ తేదీ రాత్రి బెంగాల్ అంతటా ఆడవాళ్లు రోడ్ల మీదికొచ్చారు. మేమూ ఆ వారంలోనే ఆర్ట్స్ బ్లాక్ మెట్ల మీద కొవ్వొత్తులు వెలిగించాం. రెండొందల మందిమి ఉంటాం. ఫొటోలు బాగా వచ్చాయి. మర్నాడు పొద్దున నేను క్లాసుకి వెళ్తుంటే, ఊడ్చే అమ్మ ఆ మెట్ల మీద కూచుని పాత బ్లేడుతో మైనం గీకుతోంది. నన్ను చూసి, “మీరేనా బిడ్డా రాత్రి దీపాలు పెట్టింది? మంచిగనే ఉన్నది. ఆ లైబ్రరీ తొవ్వల గూడ ఒక లైటు పెట్టిస్తే ఇంకా మంచిగుండు” అంది. వెటకారమేమీ లేదు, మామూలుగానే అంది. నాకు మాత్రం తల తీసేసినట్టయింది. బ్లేడు ఇంకొకటి దొరికితే నేనూ గీకేదాన్ని.

ఒక మాట చెప్పాలి. మా వయసు తెలుగు పిల్లలకి ‘న్యాయం’ అంటే గుర్తొచ్చేది 2019 డిసెంబరు 6. వెటర్నరీ డాక్టర్ ‘దిశ’ అత్యాచారం, హత్య కేసులో నలుగురు నిందితుల్ని షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో పోలీసులు ఎన్‌కౌంటర్ చేసిన రోజు. నేనప్పుడు ఇంటర్. మా కాలేజీలో స్వీట్లు పంచారు, నేనూ తిన్నాను. ఆ ఎన్‌కౌంటర్ కట్టుకథ అని సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ 2022లో చెప్పింది. ఆ వార్త చదివిన రోజు స్వీట్లేమీ లేవు. అలాంటి పెద్ద న్యాయాలకి అలవాటుపడ్డ మాకు ఒక కమిటీ, ఏడు పేర్లు, ఒక పని చేయని ఫోన్ నంబరు అనేవి పట్టించుకోవాల్సిన సంగతులని తోచలేదు.

హాస్టల్లో మా పక్క రూమ్‌లో లా చదివే అక్క ఉండేది. అద్దం మీంచి తీసిన ఫొటో చూపిస్తే నవ్వింది. “ఇందులో ఇద్దరు హెచ్ఓడీలున్నారు, చూశావా? వాళ్లు ఉండకూడదు” అంది. యూజీసీ 2015లో చేసిన నిబంధనలు ఆవిడ దగ్గరే మొదటిసారి చదివాను. గెజిట్‌లో వచ్చింది 2016 మేలో. పని చోట లైంగిక వేధింపుల మీద 2013లో వచ్చిన పోష్ చట్టం ఉద్యోగం చేసే చోట్లకి పెట్టిన కమిటీనే ఇవి కాలేజీలకు, యూనివర్సిటీలకు తగ్గట్టు మార్చి పెట్టాయి. సీనియర్ మహిళా ప్రొఫెసర్ అధ్యక్షురాలుగా ఉండాలి. ఇద్దరు అధ్యాపకులు, ఇద్దరు బోధనేతర ఉద్యోగులు, బయటి స్వచ్ఛంద సంస్థ నుంచి ఒకరు. మొత్తంలో సగం మంది ఆడవాళ్లు. వీసీ, రిజిస్ట్రార్, డీన్లు, హెచ్ఓడీలు కూచోకూడదు. ఫిర్యాదులో విద్యార్థులుంటే ముగ్గురు విద్యార్థులు కూడా ఉండాలి. డిగ్రీ నుంచి ఒకరు, పీజీ నుంచి ఒకరు, రీసెర్చ్ నుంచి ఒకరు. వాళ్లని విద్యార్థులే ఎన్నుకోవాలి. మా బోర్డు మీది ఏడు పేర్లలో విద్యార్థి ఒక్కరూ లేరు. బయటి సభ్యురాలి ఊసే లేదు.

వెళ్లి అడిగితే ‘చూద్దాం’ అంటారని తెలుసు కాబట్టి ఆర్టీఐ పెట్టాం. పది రూపాయల పోస్టల్ ఆర్డర్, ఒక తెల్లకాగితం. కమిటీ ఎప్పుడు వేశారు, విద్యార్థి సభ్యుల్ని ఎలా ఎన్నుకున్నారు, మూడేళ్లలో ఎన్ని ఫిర్యాదులొచ్చాయి. ముప్పై రోజుల్లో చెప్పాలి కదా, ఇరవై తొమ్మిదో రోజున వచ్చింది జవాబు. విద్యార్థి సభ్యులు: నిల్. ఫిర్యాదులు: నిల్, నిల్, నిల్. ఆ కాగితం పట్టుకుని పై ఆఫీసుకి వెళ్తే అక్కడున్న పెద్దాయన అదే కాగితం మాకు తిప్పి చూపించారు. “చూడండమ్మా, మన క్యాంపస్‌లో అసలు అలాంటివే లేవు” అన్నారు, కొడుకు ర్యాంకు చెప్పుకున్నట్టు.

విచిత్రమేమిటంటే లైంగిక వేధింపులన్న మాటకి ఆయన అంత ఉలిక్కిపడలేదు. ఎన్నిక అన్న మాటకి కుర్చీలోంచి ముందుకొచ్చారు. మా క్యాంపస్‌లో విద్యార్థి ఎన్నికలు జరిగి ఏళ్లు గడిచాయి. “ఎన్నికలంటే జెండాలొస్తాయి, పార్టీలొస్తాయి, తలకాయలు పగులుతాయి. మేమే మంచి పిల్లల్ని నామినేట్ చేస్తాం” అన్నారు. మూడు నెలలు తిరిగాం. వినతిపత్రం ఇచ్చి నకలు మీద ముద్ర వేయించుకోవడం నేర్చుకున్నాం. ముద్ర లేని కాగితం ఇచ్చినట్టే కాదు. పోష్ చట్టం కింద కమిటీలు సరిగ్గా ఉన్నాయో లేదో చూడాలని సుప్రీంకోర్టు 2023 మే 12న ఇచ్చిన తీర్పు కాపీ లా అక్క జత చేసింది. దాని తర్వాతే కదలిక వచ్చింది. చివరికి క్లాసుకి ఇద్దరు ప్రతినిధులు ఓటేసేట్టు ఒప్పందం కుదిరింది. 2025 జనవరిలో సెమినార్ హాల్లో ఏ4 కాగితాల అట్టపెట్టెకి కన్నం పెట్టి ఓట్లు వేయించారు. పీజీ స్థానానికి నేను నిలబడి పదకొండు ఓట్లతో ఓడిపోయాను. సైన్స్ బ్లాక్ అమ్మాయి గెలిచింది. రెండు రోజులు ముఖం చాటేశాను. ఇంత తిరిగింది నేనైతే, అని ఉక్రోషం. ఓడిపోవడమే మంచిదైందని తర్వాత తెలిసింది. కమిటీలో ఉన్నవాళ్లు ఫిర్యాదుదారు పక్కన తోడుగా కూచోలేరు కదా.

తోడుండే పని కోసం మేం ఎనిమిది మందిమి కలిసి చందాలేసుకుని పన్నెండు వందలకి ఒక కీప్యాడ్ ఫోన్ కొన్నాం. వారానికొకరం దగ్గర పెట్టుకునేవాళ్లం. ఆ నంబరుతో, కమిటీ కొత్త నంబరుతో, మహిళల హెల్ప్‌లైన్ 181తో చిన్న పోస్టర్ వేశాం. ఎక్కడ అంటించాలన్నది పెద్ద చర్చ. మెస్‌లో అన్నారు, లైబ్రరీలో అన్నారు. అప్పుడు డిగ్రీ ఫస్టియర్ పాప ఒకతి, “మెస్‌ల అంటిస్తే ఎవలు రాసుకుంటరక్కా, అందరు చూస్తుంటే? బాత్రూమ్ తలుపు లోపలి దిక్కు పెట్టుండ్రి” అంది. అంతకన్నా తెలివైన మాట ఆ ఏడాదంతా మా మీటింగుల్లో ఎవరూ అనలేదు. తడికి ఊడిపోకుండా పారదర్శక టేపు నాలుగు వైపులా అతికించాం. మూడు హాస్టళ్లలో కలిపి అరవై నాలుగు తలుపులు.

కమిటీకి బయటి సభ్యురాలిగా పట్నం నుంచి ఒక లాయరు మేడమ్ వచ్చారు. ఆవిడ ఒక ఆదివారం మాకు మూడు గంటలు క్లాసు పెట్టారు. ఏం మాట్లాడాలో కాదు, ఏం మాట్లాడకూడదో చెప్పారు. ‘అప్పుడే ఎందుకు చెప్పలేదు’ అనొద్దు. ‘నేనైతే చెంప పగలగొట్టేదాన్ని’ అనొద్దు, అది ధైర్యం చెప్పడం కాదు, తప్పు పట్టడం. ‘నీకు న్యాయం జరిగేట్టు చూస్తాం’ అని మాట ఇవ్వొద్దు, అది మీ చేతుల్లో లేదు. మొత్తం ఏం జరిగిందో మీరు అడగొద్దు, ఎందుకంటే అది ఆమె ఎలాగూ కమిటీకి చెప్పాలి, పోలీసు దగ్గరికెళ్తే వాళ్లకీ చెప్పాలి, ప్రతిచోటా అదే కథ చెప్పించుకోవడమే ఒక శిక్ష. నేను నోట్‌బుక్‌లో అన్నీ రాసుకున్నాను. రాసుకున్నానే తప్ప ఎక్కలేదని మూడు వారాల్లోనే తేలింది.

ఈలోగా లైట్ల సంగతి. లైబ్రరీ నుంచి అమ్మాయిల హాస్టల్ దాకా రాత్రి ఎనిమిదింటికి నడిచి స్తంభాలు లెక్కపెట్టాం. ఇరవై మూడు స్తంభాలు, వెలుగుతున్నవి తొమ్మిది. మ్యాప్ గీసి ఇచ్చాం. పది రోజులకి జవాబుగా సర్క్యులర్ వచ్చింది: విద్యార్థినుల భద్రత దృష్ట్యా హాస్టల్ గేటు ఎనిమిదిన్నరకి కాకుండా ఏడున్నరకే మూస్తారట! లైటు వేయమంటే మమ్మల్ని లోపల వేశారు. అబ్బాయిల హాస్టల్‌కి గేటే లేదు. హాస్టల్లో సగం మంది మా మీద పడ్డారు, “మీ పుణ్యమా అని ఉన్న గంట కూడా పోయింది” అని. భద్రత పేరు చెప్పి ఆడపిల్లల హాస్టళ్లకి మగపిల్లలకి లేని ఆంక్షలు పెట్టకూడదని అవే యూజీసీ నిబంధనల్లో ఉంది. ఆ వాక్యాన్ని పసుపు రంగు హైలైటర్‌తో గీసి, పై ఆఫీసుకి ఒక కాపీ, వార్డెన్ మేడమ్‌కి ఒకటి ఇచ్చాం. మూడు వారాలకి గేటు మళ్లీ ఎనిమిదిన్నరకి వచ్చింది. లైట్లలో ఆరు వెలిగాయి. మిగతా ఎనిమిది నేను చదువు ముగించి వచ్చేనాటికీ వెలగలేదు.

ఫోన్ ఫిబ్రవరి 3న రాత్రి పదకొండింటికి మోగింది. ఆ వారం నాది. అవతల నీళ్ల చప్పుడు వినపడుతోంది. బాత్రూమ్‌లో నల్లా తిప్పి పెట్టి మాట్లాడుతోంది, పక్కవాళ్లకి వినపడకుండా. “అక్కా, ఇది కంప్లైంట్ అయితదా కాదా అని అడుగుదామని చేసిన” అంది. ఆమె గురించి ఇక్కడ నేను మార్చి రాస్తున్నవి కొన్ని ఉన్నాయి, రాయకుండా వదిలేస్తున్నవి ఎక్కువ. రికార్డులు దిద్ది ఇంటర్నల్ మార్కులు వేసే మనిషి. ల్యాబ్. పదేపదే. చివరిసారి నవంబరు 20న. దానికి ముందూ వెనకా వాట్సాప్ మెసేజీలు. అంతవరకు చాలు.

“నాకేం కేసు వద్దక్కా. ఆయన నా రికార్డు చూడకుంటే చాలు. మా నాయనకు తెల్వకుంటే చాలు.” ఆ రాత్రి ఆమె అడిగినవి ఈ రెండే. నేను విన్నది మాత్రం ‘మొదటి కేసు వచ్చింది’ అని. ఇలా రాయడానికి సిగ్గుగానే ఉంది. కానీ నిజం. ఆర్నెల్లు కాళ్లరిగేలా తిరిగి కమిటీ వేయించుకున్నాం, ఇప్పుడు అది పని చేస్తుందని చూపించాలి. ఆ ‘నిల్’ కాగితం మొహాన కొట్టాలి.

జరిగిన మూడు నెలల్లోగా ఫిర్యాదు ఇవ్వాలని నిబంధన. నవంబరు 20 నుంచి లెక్కేస్తే ఫిబ్రవరి 20. నేను రోజూ ఆమెకి ఫోన్ చేశాను. హాస్టల్ కిందికి రమ్మన్నాను. “ఇంకా పదిహేను రోజులే”, “ఇంకా పన్నెండు రోజులే”. 11వ తేదీన మెసేజ్ పెట్టాను, ‘ఇంకా తొమ్మిది రోజులే, తర్వాత మనమేం చెయ్యలేం’ అని. రెండు నీలం టిక్కులు పడ్డాయి. జవాబు లేదు. మర్నాటి నుంచి ఫోన్ ఎత్తలేదు. మెస్‌లో నన్ను చూసి ప్లేటు పట్టుకుని వేరే బల్ల దగ్గరికి వెళ్లిపోయింది.

లా అక్కకి చెప్పాను. ఆమె నన్ను తిట్టలేదు, పుస్తకం తెరిచి అదే పేజీలో కింది వాక్యం చూపించింది. గడువులోగా ఎందుకు ఇవ్వలేకపోయిందో కారణం రాసుకుని కమిటీ ఇంకో మూడు నెలలు పొడిగించవచ్చు. అదే పేజీ! నేను పై వాక్యం దాకా చదివి ఆగిపోయాను. తొమ్మిది రోజులన్నది అసలు గోడే కాదు. ఆ గోడ కట్టి ఆమెని దానికి ఆనించి నిలబెట్టింది నేను. ఆ ల్యాబ్ మనిషికీ, నాకూ మధ్య ఆమెకి తేడా కనపడిందో లేదో నేనెప్పుడూ అడగలేదు. అడిగే ధైర్యం లేదు.

ఒకే ఒక మెసేజ్ పెట్టాను: ‘నేను తప్పు చెప్పాను. గడువు పెంచుకోవచ్చు. ఇవ్వాలా వద్దా అన్నది నీ ఇష్టం. నేనిక ఫోన్ చెయ్యను.’ చెయ్యలేదు. పద్దెనిమిది రోజులు. ఫోన్ వేరే అమ్మాయి దగ్గర ఉంది. నా వల్లే ఆగిపోయిందనుకుంటూ తిరిగాను. మా అమ్మ ఫోన్ చేసి, “గొంతు గట్లున్నదేంది? చదువుకోవడానికి పోయినవా, లోకం బాగు చెయ్యడానికి పోయినవా?” అని అడిగితే ఏడ్చేశాను. ఎందుకో ఆమెకి చెప్పలేదు, చెప్పకూడదు కూడా.

మార్చి మొదట్లో ఆ అమ్మాయే వచ్చింది, నా రూమ్‌కి. ప్రాక్టికల్స్ టైమ్ టేబుల్ వచ్చిందట, మళ్లీ ఆ మనిషే. “రాద్దామక్కా” అంది.

రాయడం ఎంత కష్టమో అప్పుడు చూశాను. పేపర్ల భాష మనకి నోట్లో పెట్టేసింది కదా, ‘అసభ్యంగా ప్రవర్తించాడు’ అని. ఆమె మొదటి కాగితంలో అదే రాసింది. నాలుగు వాక్యాలు, నాలుగింట్లో మూడుసార్లు అదే మాట. కమిటీకి దాంతో ఏమీ తెలియదు. ఎప్పుడు, ఎక్కడ, ఏమన్నాడు, ఏం చేశాడు, ఎవరున్నారు. రెండో కాగితం మొదలుపెట్టి ఒక మాట దగ్గర ఆగింది. తెలుగులో ఆ అవయవం పేరు రాయాలి. మనకున్నవి రెండు రకాల మాటలు, ఒకటి సంస్కృతం, ఇంకొకటి బూతు. ఆమె పెన్ను క్యాప్ కొరుకుతూ కూచుంది. చివరికి ‘కుడి చెయ్యి కింద, పక్కన’ అని రాసి, పక్కనే చిన్న బొమ్మ గీసింది, రికార్డు బుక్‌లో వేసినట్టు, బాణం గుర్తు పెట్టి. నేను కిటికీ వైపు చూస్తూ కూచున్నాను. ఏమీ అడగలేదు. నాలుగు గంటలు పట్టింది. నేను చేసిన పనల్లా రెండుసార్లు టీ తేవడం, వాట్సాప్ స్క్రీన్‌షాట్లు తేదీల వారీగా ప్రింట్ తీయించడం. ప్రింట్ తీయించిందీ క్యాంపస్ జిరాక్స్ సెంటర్లో కాదు, బస్సెక్కి టౌన్‌కి వెళ్లి.

ఆ కాగితాల్లో ఆమెని ఏమని రాయాలన్నది కూడా తేలలేదు. బాధితురాలు అంటే ఆమెకి నచ్చలేదు, “నేనేం చచ్చిపోలే” అంది. ఇంగ్లీషు వాళ్లు సర్వైవర్ అంటారని చెప్తే, అదేదో కేన్సర్ పేషెంటు లాగుంది అంది. ‘ఫిర్యాదుదారు’ అని రాసుకున్నాం.

మార్చి 6న ఇచ్చాం. ఆలస్యానికి కారణం ఒక పేజీ, మధ్యంతర ఉపశమనం కోరుతూ ఒక పేజీ. విచారణ నడుస్తున్నంతకాలం అవతలి మనిషి ఆమె పేపర్లు, రికార్డులు దిద్దకుండా ఆపమని కమిటీ చెప్పవచ్చు. ఆమె ఫిబ్రవరిలో అడిగింది అచ్చంగా అదే! మొదటి రాత్రే నేను ఆ కాగితం రాసిచ్చి ఉంటే సరిపోయేది. పోలీసులకి కూడా ఇవ్వొచ్చని కమిటీ మేడమ్ చెప్పారు, ఇప్పుడొద్దని ఆమె అంది, సరేనన్నారు. తొమ్మిది రోజుల్లో ఆర్డర్ వచ్చింది, ప్రాక్టికల్స్‌కి వేరే ఎగ్జామినర్. ఆ రోజు ఆమె మెస్‌లో నా బల్ల దగ్గరికే వచ్చి కూచుంది. ఏమీ మాట్లాడలేదు, రెండోసారి పప్పు వేయించుకుంది.

అప్పుడు గొడవ మాలో మాకే వచ్చింది. పేరు బయటికి రాలేదు గానీ, ఒక ఫిర్యాదు పడిందని క్యాంపస్‌లో పొక్కింది. మా ఎనిమిది మందిలో ముగ్గురు ర్యాలీ తీయాలన్నారు. రోడ్డెక్కకపోతే వీళ్లు కాగితాల కింద తొక్కేస్తారు అని వాళ్ల వాదన. తప్పుడు వాదనేం కాదు. 1997లో పని చోట లైంగిక వేధింపుల మీద సుప్రీంకోర్టు ‘విశాఖ’ తీర్పు ఇచ్చిందంటే దాని వెనక రాజస్థాన్‌లో సామూహిక అత్యాచారానికి గురైన భన్వరీ దేవి కోసం ఏళ్ల తరబడి రోడ్డెక్కిన ఆడవాళ్లున్నారు. ఢిల్లీ జేఎన్‌యూలో 1999లో వచ్చిన ఇలాంటి కమిటీ కూడా ఎవరూ ఊరికే ఇచ్చింది కాదు. కానీ ఇక్కడ ర్యాలీ తీస్తే ఏ డిపార్ట్‌మెంటో తెలుస్తుంది, డిపార్ట్‌మెంటు తెలిస్తే పదహారు మంది అమ్మాయిల్లో ఎవరో సాయంత్రానికి తెలుస్తుంది, మర్నాటికి వాళ్ల ఊళ్లో తెలుస్తుంది. ఆమెని అడిగారా అన్నాను. “ఇది ఆమె ఒక్కదాని విషయం కాదు” అన్నాడు మా తమ్ముడు లాంటి ఒక అబ్బాయి. రాత్రి రెండింటి దాకా అరుచుకున్నాం. ర్యాలీ జరగలేదు. ముగ్గురిలో ఇద్దరు గ్రూపులోంచి వెళ్లిపోయారు. వాళ్లలో ఒకరితో నాకు ఇప్పటికీ మాటల్లేవు.

ఇంకో పక్క నుంచి సర్దుబాటు వాళ్లు. “ఆయనకీ ఆడపిల్లలున్నారమ్మా”, “పెళ్లి కావలసిన దానివి”, “సారీ చెప్పిస్తాం, అయిపోతుంది”. రాజీ అన్నది ఫిర్యాదు ఇచ్చినామె తనంతట తాను అడిగితేనే, అదీ డబ్బు లేకుండా, కమిటీ ద్వారానే జరగాలని చట్టం. వచ్చినవాళ్లకి ఆమె ఆ ముక్క చెప్పడం నేర్చుకుంది. రెండోసారి నుంచి నేను పక్కన ఉండాల్సిన అవసరం రాలేదు.

విచారణ రోజు నేను గది బయట బెంచీ మీద కూచున్నాను. ఇద్దర్నీ వేర్వేరు సమయాల్లో పిలవమని ముందే రాసిచ్చాం. పదకొండింటికి లోపలికెళ్లింది. బెంచీ ఒక కాలు పొట్టిది, కదిలితే టక్‌మనేది, అందుకని కదలకుండా కూచున్నాను. అటెండరు రెండుసార్లు లోపలికి టీలు తీసుకెళ్లాడు. తలుపు తెరుచుకున్నప్పుడల్లా ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. ఒకటిన్నరకి బయటికొచ్చింది. లోపల ఏం జరిగిందో ఒకటే చెప్పింది. ఒక సారు, “నువ్వు ఆ మెసేజీలకి స్మైలీ ఎందుకు పెట్టావు” అని అడిగారట. ఆమె జవాబు చెప్పేలోపే లాయరు మేడమ్, “మార్కులు వేసే మనిషికి ఎవరైనా స్మైలీనే పెడతారు సార్, తర్వాతి ప్రశ్న అడగండి” అన్నారట. అది చెప్తూ నవ్వింది. తర్వాత బాత్రూమ్‌కి వెళ్లి చాలాసేపు రాలేదు.

తొంభై రోజుల్లో ముగించాలి. వేసవి సెలవులొచ్చినా ఎనభై నాలుగో రోజుకి రిపోర్టు తయారైంది. ఇచ్చినవాళ్లకి, అవతలి వాళ్లకి ఇద్దరికీ కాపీ ఇవ్వాలని నిబంధన ఉన్నా, అడిగితే తప్ప ఇవ్వలేదు. ఆరోపణల్లో మూడు రుజువయ్యాయన్నారు, ఒకటి కాలేదన్నారు. ఆ మనిషిది కాంట్రాక్టు ఉద్యోగం, పొడిగించలేదు. వేరే చోట చేరాడని విన్నాం. ఇది గెలుపా అని జూనియర్లు అడిగారు. ఏం చెప్పాలో తెలియక ఫిర్యాదుదారునే అడిగాను. “రికార్డుకి ఇరవై మూడు వచ్చినయక్కా, ఇరవై అయిదుకి” అంది. టౌన్‌లో సఖి కేంద్రానికి మాత్రం కొన్నాళ్లు వెళ్లింది, అక్కడి కౌన్సెలర్‌తో మాట్లాడటానికి. బస్సు పాసు ఉంది కాబట్టి ఇంట్లో ఎవరూ అడగలేదు.

నేను వచ్చేసే ముందు అబ్బాయిల హాస్టల్లో ఒక మీటింగ్ పెట్టాం. పెద్దగా ఎవరూ రారనుకున్నాం, నలభై మంది వచ్చారు, ఎక్కువమంది క్రికెట్ మ్యాచ్ లేదు కాబట్టి వచ్చారు. ఒకతను, “అయితే అక్కా, ఇగ అమ్మాయిలతో మాట్లాడుడే బంద్ చెయ్యాల్నా?” అన్నాడు. అందరూ నవ్వారు. వెనక నుంచి ఇంకొకతను, ల్యాబ్‌లో తను కళ్లారా చూసిందొకటి చెప్పడం మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయాడు. మీటింగ్ అయ్యాక మెట్ల దగ్గర నన్ను ఆపి, సాక్షిగా చెప్పాలంటే ఇప్పుడు ఆలస్యమైందా అని అడిగాడు. రిపోర్టు అప్పటికే వచ్చేసింది. ఆ మాట చెప్తే, “మరి నాకెవరూ చెప్పలే” అన్నాడు. నిజమే, ఎవరూ చెప్పలేదు. సాక్షులకి కూడా రక్షణ ఉంటుందనీ, వాళ్ల పేర్లు బయటపెట్టకూడదనీ మా అరవై నాలుగు తలుపుల్లో ఒక్క తలుపు మీదా రాయలేదు. అబ్బాయిల బాత్రూముల్లో అసలు పోస్టరే లేదు.

కీప్యాడ్ ఫోన్ ఇప్పుడు డిగ్రీ సెకండియర్ పాప దగ్గర ఉంది, బాత్రూమ్ తలుపు సలహా ఇచ్చిన ఆ పాప దగ్గరే. చార్జర్ పిన్ను వదులైంది, రబ్బరు బ్యాండ్ వేసి పెడితేనే ఎక్కుతుంది.

ఇదంతా రాశాక, ఎక్కడా పెట్టకముందు ఫిర్యాదు ఇచ్చినామెకి పంపించాను. రెండు రోజులు నీలం టిక్కులు మాత్రమే ఉన్నాయి. నేను ఫోన్ చెయ్యలేదు. మూడో రోజు, ఒక పేరా తీసెయ్యమని మెసేజ్ వచ్చింది. ఎందుకో చెప్పలేదు. తీసేశాను.